ఝరాసంగము అమృతగుండ యాత్ర

గడచిన మాఘమాసములో, శివరాత్రికి పది దినములు ముందుగా, మేము ఝరాసంగమునకు పోయి వచ్చితిమి. మా యత్తగారు, మావారు, తొమ్మిదేండ్ల మా యమ్మాయి, మేము, వెరసి నలుగురము. శివరాత్రినాడే పోవలెనని అత్తగారి పట్టు. ఆనాడు కర్ణాటకము నుండియు, మహారాష్ట్రము నుండియు గూడ జనము విరుగబడి వత్తురు గనుక, పిల్లతో ఆ రద్దీలో చిక్కుకొనవలదని మావారు నచ్చజెప్పి ముందుగానే బయలుదేఱదీసిరి. నిజమునకు ఈ యాత్ర యిష్టము లేనిది మాకే. ఆ సంగతి దాచి క్షేత్రమాహాత్మ్యము మాత్రము వ్రాసినచో చదువు సోదరీమణులకు న్యాయము చేసినట్లు కాదు. కావున మొదటినుండియు చెప్పెదము.

మా యమ్మాయికి ఆఱవయేట మోచేతుల మడతలలోను, మోకాళ్ళ వెనుకను చర్మము ఎఱ్ఱబాఱి, పగిలి, రసి కారుట మొదలయ్యెను. రాత్రులు నిద్రలోనే గోకుకొనుచుండెడిది. తెల్లవాఱుసరికి దుప్పటిమీద నెత్తుటిచుక్కలు కనబడుచుండెడివి. సంగారెడ్డిలోని చర్మవైద్యురాలు చూచి, ఇది ఎగ్జిమా యని చెప్పి, పూతమందు నొకటి, స్నానమైన వెంటనే ఒడలి తడి పూర్తిగా ఆఱకమునుపే రాయవలసిన మెత్తని లేపనము నొకటి వ్రాసియిచ్చిరి. బోరునీళ్ళను మరుగకాచి పోయవలదనియు, పుండ్లు పచ్చిగానున్నపుడు పదిమంది మునుగు నీటిలో పిల్లను దింపవలదనియు హెచ్చరించిరి. ఆ జబ్బు తగ్గును, మరల వచ్చును. ఇట్లు మూడేండ్లు గడచినవి.

"మందులతోటి మూడేండ్లాయె. ఒక్కసారి ఝరాసంగం గుండంల ముంచి తెస్తే ఏం పోతది బిడ్డా?" అని అత్తగారు అడుగుచుండెడివారు. "పుండ్లమీద ఆ నీళ్ళు పడితే ఎక్కువైతదేమో అత్తమ్మా" అని మేము. ఈ మాటలు కొన్నాళ్ళు మెల్లగాను, కొన్నాళ్ళు గట్టిగాను జరిగినవి. ఒక పండుగనాడు ఆమె అన్నము ముట్టలేదు. మఱునాడు మేము ముట్టలేదు. ఇల్లు నడపువారికి ఇట్టి దినము లెట్లుండునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నీటిని గుఱించి మాకింత భయ మెందుకో చెప్పవలెనన్న, మేముండు చోటు చెప్పవలెను. మాది పటాన్‌చెరువు సమీపమున ఒక పల్లె. ఆ పట్టణపు పేరులోనే చెఱువున్నది. చాళుక్యుల కాలమున పొట్టలకెరె యను పేర రాజధానిగా నుండిన ఊరిదియే యని చరిత్రకారు లందురు. కన్నడమున కెరె యన్నను చెఱువే. 1960 దశకమున హైదరాబాదులో ఐ.డి.పి.ఎల్. వారి ఔషధశాల వెలసినది. అందు పనినేర్చిన వారనేకులు తరువాత స్వంతముగ మందుల కార్ఖానాలు పెట్టిరి. పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతములు 1970 దశకము మొదలు అట్టి కార్ఖానాలతో నిండిపోయినవి. ఏ దూరదేశమునందో ఒక తల్లి తన బిడ్డకు జ్వరము తగ్గుటకై మ్రింగించు మాత్రలోని పొడి మా వాగుగట్టున తయారైనది కావచ్చును.

ఆ వాగు నక్కవాగు. అది పోయి మంజీరలో కలియును. కార్ఖానాల వ్యర్థజలము చేరి ఆ వాగును, ఊటబావులను, పొలములను చెఱచినది. సుప్రీంకోర్టువఱకు పోయిన వ్యాజ్యమువలన బాధితగ్రామములకు త్రాగునీరు పంపు ఏర్పాట్లు జరిగినవి. పటాన్‌చెరువున వైద్యము చేయుచుండిన డాక్టరు అల్లాని కిషన్ రావుగారు రోగులకు చీటీలు వ్రాయుటతో తృప్తిపడక, ఈ నీటికొఱకు ఏండ్లతరబడి పోరాడిరి. స్వీడను దేశపు పరిశోధకులు 2007లో ప్రకటించిన లెక్కనుబట్టి, సుమారు 90 మందుల కార్ఖానాల మురుగు వచ్చిచేరు ఉమ్మడి శుద్ధిశాలనుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాములవఱకు కనబడినది. ఆ మందు పుచ్చుకొన్న రోగి నెత్తురులోనైన అంత పాలుండదట! రోగము పోగొట్టు వస్తువే నీటిలో చేరి, మందుకు లొంగని క్రిములను పెంచునని వారి భయము. నీటిని చూచిన మ్రొక్కవలెనని మా పుట్టింట నేర్పిరి. ఇచటికి కాపురమునకు వచ్చిన పిమ్మట నీటిని చూచిన మొదట వాసన చూచుట నేర్చుకొంటిమి.

ఇక ప్రయాణము. పటాన్‌చెరువులో జహీరాబాదు బస్సెక్కితిమి. 2023 డిసెంబరు 9వ తేదినుండి ఈ రాష్ట్రమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు చార్జీ లేకుండుటచేత, మా ముగ్గురికిని జీరో టికెట్లే వచ్చినవి. మావారొక్కరే పైకమిచ్చి, "నేను మీ వెంబడి వచ్చిన కూలివాడను" అని నవ్విరి. ఆ బస్సునిండ ఆడవారే. యాత్రలకు పోవలెనన్న ఇంటి మగవారి చేతివంక చూడవలసిన బాధ తప్పుటచేత, ముసలమ్మలు తమ మ్రొక్కులన్నియు ఒక్కొక్కటిగ తీర్చుకొనుచున్నారు.

1972లో నెలకొన్న ఇక్రిశాట్ వారి జొన్నచేలు దాటిన తరువాత రుద్రారము, కంది వచ్చినవి. సంగారెడ్డిలో బస్సు కొంతసేపు ఆగెను. ఈ ఊర 1796 నాటి పాత జైలు కలదు. దానిని వస్తుప్రదర్శనశాలగ మార్చి, దినమునకు 500 రూపాయ లిచ్చినవారు ఖైదీ బట్టలు తొడుగుకొని లోపల ఒక దినము గడపునట్లు 2016లో ఏర్పాటు చేసిరి. మా యత్తగారికి ఈ మాట చెప్పగా ఆమె నమ్మలేదు. "పైసలిచ్చి జైల్ల పడుతరా?" అని మూడుసార్లు అడిగిరి. చూడవచ్చు జనమునకు ఏదైనను వేడుకయే గదా యని మేమనుకొంటిమి. ఆ మాటయే సాయంకాలమునకు మమ్ము బాధించినది.

సదాశివపేట దాటిన పిమ్మట త్రోవప్రక్క వేపచెట్టుక్రింద చిన్న పోచమ్మగుడి కనబడగా, అత్తగారు కిటికీలోనుండి దండము పెట్టి, తన భుజముమీది టీకామచ్చను అమ్మాయికి చూపిరి. ఆమె చిన్నతనమున ఊరికి టీకాలవారు వచ్చినపుడు పిల్లలను గాదెలలో దాచినవారు కలరట. ఆమె తల్లి మాత్రము పిల్లను చంకనెత్తుకొనిపోయి టీకా వేయించి, ఆ సాయంత్రమే పోచమ్మకు సాక పోసివచ్చెనట. పసుపు, వేపాకు, బెల్లము కలిపిన నీటిని చెంబుతో తల్లి ముందర ధారగా విడుచుటను ఈ ప్రాంతమున సాక యందురు.

మసూచికము వచ్చిన ఇంట పూర్వము జరుపు పద్ధతిని గుఱించి ఆమె చాలసేపు చెప్పిరి. రోగియని యనరాదు, తల్లి పోసినదనవలెను. గడపకు వేపమండలు కట్టుదురు. దానిని చూచి పైవారు లోనికి రారు. తాలింపు గుభాళింపు ఇంట నుండరాదు. చలువజేయు పదార్థములే పెట్టవలెను. వేపాకు పఱచిన పక్కమీద పరుండబెట్టుదురు. పొక్కులు మాడిన పిమ్మట వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోసిగాని రోగిని పదిమందిలోనికి రానీయరు. రోగిని వేఱుగనుంచుటయు, చర్మమునకు రాపిడి లేకుండ జూచుటయు, ఇంటిల్లిపాదియు ఒక్కమనసుతో కనిపెట్టుకొనియుండుటయు ఈ ఆచారములో ఇమిడియున్నవి. అయినను తల్లి కోపించునని టీకాను తప్పించుకొనుటయు ఈ యాచారమునుండియే పుట్టినది. ఎన్నో ప్రాణములు అట్లు పోయినవి. మన దేశమున మసూచికము 1975తో ఆగినది. ప్రపంచమున లేకుండపోయినదని 1980లో ప్రకటించిరి. టీకాయే దానిని పారద్రోలినది. పోచమ్మ మాత్రము ఆ వేపచెట్టుక్రిందనే కూర్చున్నది.

జహీరాబాదులో బస్సు మాఱితిమి. అచటినుండి నేల రంగు మాఱును. ఎఱ్ఱని జేగురుమన్ను, నడుమనడుమ చెఱకుతోటలు, అల్లపుమళ్ళు. ఝరాసంగమున కేతకీ సంగమేశ్వరస్వామి వెలసియున్నాడు. కేతకి యనగా మొగలిపువ్వు. బ్రహ్మ అసత్యమాడగా సాక్ష్యము చెప్పినందున మొగలిపువ్వు శివపూజకు తగకుండ శాపము పొందెనని శివపురాణకథ. పుట్టింట మా తాతగారు శివపూజ బుట్టలో పొరపాటున మొగలిఱేకు పడినను తీసివేయించెడివారు. ఇక్కడి స్వామికి ఆ మొగలిపువ్వే ప్రీతి! తప్పుచేసిన పువ్వునకు ఒక్కచోటనైన మన్నన దొరకుట చూచి మాకు సంతోషము కలిగెను.

స్థలపురాణ మిట్లున్నది. సూర్యవంశపురాజు కుపేంద్రుడు చర్మరోగముతో బాధపడుచు, వేటకై కేతకీవనమునకు వచ్చి, ఒక సెలయేటిలో ఒడలు కడుగుకొనగా రోగము మాయమయ్యెనట. ఆ రాత్రి స్వామి కలలో కనబడి కోవెల కట్టుమనెనట. రాజు కోవెలను, దానితోబాటు గుండమును గట్టించెను. నారాయణ, ధర్మ, ఋషి, వరుణ, సోమ, రుద్ర, ఇంద్ర, దత్త యను ఎనిమిది తీర్థములు అందు కలియునని చెప్పుదురు గనుక అష్టతీర్థ అమృతగుండ మని పేరు. చర్మవ్యాధిగలవారు ఇందు మునిగి గుండపూజ చేసి స్వామిని దర్శించుట పరిపాటి. కృష్ణుని కుమారుడైన సాంబుడు సూర్యారాధనచే కుష్ఠువు పోగొట్టుకొన్న కథయు, మయూరకవి సూర్యశతకము చెప్పి వ్యాధివిముక్తుడైన కథయు మేము చిన్నతనమున విన్నవే. మన పెద్దల కథలలో చర్మరోగమునకు ఇంత చోటేల దొరకెనో ఆ గుండపు మెట్లమీద తెలిసినది. తక్కిన రోగములను లోపల దాచుకొనవచ్చును. దీనిని నలుగురును చూతురు. మా యమ్మాయి బడిలో ప్రక్కపిల్ల పలక ముట్టుకొనగా, ఆ పిల్ల కొంగుతో తుడుచుకొనెనట. ఎగ్జిమా అంటుజాడ్యము కాదని ఆ పసిదానికి ఎవరు చెప్పుదురు? ఆనాటినుండి మా పిల్ల మండువేసవిలోను పొడుగుచేతుల చొక్కాయే తొడుగుచుండెను.

గుండమువద్ద ఆ దినమున ఏబదిమందికి తక్కువ లేరు. బొల్లిమచ్చలవారు, కాళ్ళు పగిలినవారు, తలనీలాలిచ్చిన పసిపాపలను ఎత్తుకొన్నవారు. ఎవరును మోచేతులు దాచుకొనలేదు. మా యమ్మాయి చుట్టును చూచి చూచి, మేము చెప్పకయే చేతులు పైకి మడిచినది. అది చూచినప్పుడు ఈ యాత్రను గుఱించి మా మనసులోనుండిన పట్టు కొంత సడలెనని ఒప్పుకొనవలెను.

అయినను, నీటిలో దింపుమాట వచ్చుసరికి మేమును అత్తగారును మరల ఎదురెదురుగ నిలిచితిమి. పిల్ల కుడిమోకాలి వెనుక పుండు ఇంకను పచ్చిగానున్నది. అత్తగారు పిల్ల చేయి పట్టుకొని రెండుమెట్లు దిగిరి. మేము రెండవచేయి పట్టుకొంటిమి. మావారు, ఇట్టి సమయములందు మగవారు చేయు ప్రకారము, కొబ్బరికాయ కొనుటకై వెడలిరి. అప్పుడు క్రిందిమెట్టున కూర్చుండి పసుపుకుంకుమలు నీటిలో విడుచుచున్న ఒక ముదుసలి తలయెత్తి పిల్ల కాలు చూచినది. "పచ్చి పుండున్న పిల్లను ముంచకు అవ్వా. ఇంతమంది మునిగిన నీళ్ళాయె. నెత్తిమీద మూడుమార్లు చల్లు. దేవునికి చెందుతది" అని, తానే దోసిట నీరుతీసి పిల్ల నడినెత్తిన చల్లినది. మూడేండ్లుగా వైద్యురాలు చెప్పినను, మేము చెప్పినను వినని అత్తగారు, ఆ ముదుసలి మాటకు ఎదురాడక, దండము పెట్టి పైకి వచ్చిరి. మాకు మొదట కోపము వచ్చినది. తరువాత నవ్వు వచ్చినది. పిమ్మట ఆలోచింపగా, మేము ఎన్నడును ఆమె మ్రొక్కును ఆమెకు విడిచి, పుండును మాత్రమే కాపాడుకొను మార్గము చూపలేదని తోచినది. ఆ ముదుసలి రెంటిని ఒక్క దోసిటిలో ఇమిడ్చినది.

చరకుడు చికిత్సను మూడువిధములుగ చెప్పినాడు. మంత్రము, మణి, ఉపవాసము, దేవతానమస్కారము, తీర్థగమనము మున్నగునవి దైవవ్యపాశ్రయము. ఆహారౌషధములను తగినట్లు కూర్చుట యుక్తివ్యపాశ్రయము. చెడుతలంపులనుండి మనసును మరల్చి నిలుపుట సత్త్వావజయము. మా తండ్రిగారు దీనిని మాకు చెప్పినపుడు మాకు పదునాలుగేండ్లు. పరీక్షకు చదువు పిల్లవలె ఒప్పజెప్పి మఱచితిమి. చరకుడు వీనిలో ఒకటి చాలునని రెండవదానిని త్రోసివేయలేదు. యాత్రకు పోయితిమి గదా యని పూతమందు మానుకొనువారిని ఆ గుండమువద్దనే ఇద్దరు ముగ్గురను చూచితిమి. అది ప్రమాదము. గుండములోని నీరు ఎగ్జిమాను మాన్పునని మేము నమ్మలేదు. నమ్ముమని మీకును చెప్పము. కాని చొక్కాచేతులు పైకి మడుచుకొనుటకు పిల్లకు ధైర్యము కలిగించినది ఏ దుకాణమునను దొరకదు.

ఇంతలో గుండము పైమెట్టున ఒక పడుచువాడు సెల్‌ఫోను నిలిపి, తడిబట్టలతో మెట్లెక్కుచున్న ఆడవారిని చిత్రము తీయుట కనబడినది. "మా ఛానెలుకు పెడుతున్న, ఇంత మంచి జాగ అందరు చూడాలె గద" అని అతని సమాధానము. అతడు దుర్మార్గుడు కాడు, భక్తుడే. ఆ ముదుసలియే లేచి, "నీ అక్క తడిబట్టలతోటుంటె తీస్తవా కొడుకా?" అనగా సిగ్గుపడి ఫోను జేబులో పెట్టుకొనెను.

ఈ బాధ ఒక్క ఝరాసంగమునకే లేదు. మన బోనాలనే చూడుడు. 1813లో జంటనగరములలో మహమ్మారి చెలరేగగా, ఉజ్జయినిలోనుండిన సైనికులు మహాకాళికి మ్రొక్కుకొని, తిరిగివచ్చి సికిందరాబాదున తల్లిని నిలిపిరని చెప్పుకొందురు. రోగము తగ్గినందులకు చెల్లించు కృతజ్ఞతయే ఆ పండుగ. పాలు, బెల్లము వేసి వండిన అన్నము కుండలో పెట్టి, వేపమండలు చుట్టి, పైన దీపముంచి ఆడవారు తలపై మోయుదురు. 2014లో ఇది రాష్ట్రపండుగ యైనది. దూరదేశములనుండియు చూడవచ్చుచున్నారు. వచ్చుట మంచిదే. బోనము చేయు కుమ్మరికి, డప్పుకొట్టువారికి, పూలమ్మువారికి నాలుగు డబ్బులు చేరును. కాని రంగమునాడు పచ్చికుండమీద నిలిచి భవిష్యవాణి చెప్పు స్త్రీ ముఖము కనబడకుండ ఫోనులే అడ్డము నిలుచుచున్నవి. బోనమెత్తిన యిల్లాలు, ఏ బిడ్డ జ్వరము తగ్గినదని మ్రొక్కు చెల్లించుచున్నదో ఆ మాట అడిగినవారిని మేము చూడలేదు.

చూడవచ్చువారిని మంచిపద్ధతిని పిలుచుట ఎట్లో ఈ ఝరాసంగము మండలములోనివారే చూపిరి. మాచనూరులో 2008లో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘపు స్త్రీలు రేడియో ఆరంభించిరి. పేద దళితస్త్రీలు అందు తమ మాటలతోనే విత్తనములను గుఱించియు, ఆకుపసరులను గుఱించియు చెప్పుకొనిరి. ఆ సంఘమువారు సంక్రాంతి మొదలు ఎడ్లబండ్లమీద పాతపంటల విత్తనములు ఊరూర త్రిప్పుచు పాతపంటల జాతర జరిపిరి. 2019లో వీరికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ పురస్కారము వచ్చినది. ఆ జాతరలకు ఇతరదేశములవారును వచ్చిరి. వచ్చినవారు జొన్నరొట్టె తిని, నేలమీద కూర్చుండి, ఆ స్త్రీలు చెప్పినది వినిరి. చెప్పువారు వారు, వినువారు వీరు. గుండముమీద నిలిచి ఫోను పట్టిన పడుచువానికి ఈ వరుస తలక్రిందులైనది.

చీకటిపడువేళకు పటాన్‌చెరువు చేరితిమి. వంతెనమీదికి వచ్చుసరికి ఎప్పటి ఘాటైన వాసన బస్సులోనికి వచ్చినది. అందఱును కొంగులు ముక్కులకు పెట్టుకొనిరి. అత్తగారి ఒడిలో గుండపునీరు నింపిన సీసా యున్నది. ఆమె దానిమూత మఱొకసారి బిగించిరి.

ఇపుడు పిల్ల చర్మము చాలవఱకు నయముగ నున్నది. గుండము మహిమయని అత్తగారు, లేపనము క్రమముగ రాయుటవలన నని వైద్యురాలు, బోరునీళ్ళు మాని మంజీర నల్లానీటికి మాఱుటవలన నని మావారు. చలికాలమున మరల రావచ్చునని వైద్యురాలు చెప్పియే యున్నారు. పిల్ల పొట్టిచేతుల చొక్కా తొడుగుకొని బడికి పోవుచున్నది. వచ్చు శివరాత్రికి మరల పోవలెనని అత్తగారు ఇప్పటినుండియే చెప్పుచున్నారు. లేపనపుగొట్టము సంచిలో మొట్టమొదట సర్దవలెనని చెప్పినదియు ఆమెయే.